ఆర్.ఏ.బి. ఎవరు?

ఒక లాకెట్ ఉంది. దాన్ని తెరిస్తే లోపల మడిచిన చీటీ ఒకటి ఉంది. చీటీ కింద పూర్తి పేరు లేదు. మూడు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి: ఆర్.ఏ.బి. ఆ అక్షరాలు ఎవరివో చెప్పకుండానే పుస్తకం అయిపోయింది! తరువాతి పుస్తకం రావడానికి రెండేళ్ళు పట్టింది.

ఈ రెండేళ్ళూ పాఠకులు చేతులు ముడుచుకొని కూర్చున్నారా? లేదు. పాత పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశారు. పేజీ పేజీ గాలించారు. ఆధారాలు పోగుచేసి, "ఆర్.ఏ.బి. అంటే ఫలానావాడే" అని తేల్చారు. 2007 లో చివరి పుస్తకం వచ్చింది. చూస్తే వారు చెప్పిన మనిషే!

ఇది హారీ పాటర్ కథ అని మీలో కొందరు ఈపాటికి పోల్చుకొనే ఉంటారు. జె.కె. రౌలింగ్ అనే బ్రిటిష్ రచయిత్రి 7 పుస్తకాలుగా రాసిన నవల ఇది. మొదటి పుస్తకం 1997 లో, చివరిది 2007 లో వెలువడ్డాయి. మొదటి పుస్తకం తెలుగులోకి కూడా వచ్చింది. ఇంకా చదవనివారికి ఒక హెచ్చరిక: ఈ వ్యాసంలో ఆ కథలోని రహస్యాలు కొన్ని బయటపడతాయి. కథను మీరే చదివి ఆనందించాలనుకొంటే ముందు ఆ పని చేసి, తరువాత ఇక్కడికి రండి.

"మంత్రాలూ మాయలూ ఉన్న నవలతో విజ్ఞాన శాస్త్రానికి పనేమిటి?" అని మీరు అడగవచ్చు. మంత్రాలతో మనకు పనిలేదు. ఆ పాఠకులు చేసిన పనితోనే మనకు పని. కనిపించే కొద్ది ఆధారాల నుండి కనిపించని దాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షకు పెట్టడం, ఇదే గదా శాస్త్రజ్ఞుడు చేసేది! ఇటువంటి ఊహను శాస్త్రంలో పరికల్పన అంటారు. పాఠకుల పరికల్పనలు కొన్ని నెగ్గాయి, కొన్ని వీగిపోయాయి. ఏది ఎందుకు నెగ్గిందో, ఏది ఎందుకు వీగిందో తెలిస్తే, మంచి ఊహకూ వట్టి ఊహకూ తేడా తెలుస్తుంది.

ఆధారాలు ఎక్కడ దొరికాయి?

చీటీ ఉన్నది 6వ పుస్తకంలో (2005). దాన్ని రాసినవాడు వోల్డెమార్ట్ అనే దుష్ట మాంత్రికుణ్ణి ఉద్దేశించి రాశాడు. "నీ రహస్యం కనిపెట్టాను, అసలు లాకెట్ నేను తీసుకుపోయాను, నువ్వు ఇది చదివేసరికి నేను బతికి ఉండను" అన్నది దాని సారాంశం. వోల్డెమార్ట్‌ను అతని అనుచరులు ఏ బిరుదుతో పిలుస్తారో, చీటీలో అదే బిరుదు ఉంది. కాబట్టి రాసినవాడు ఒకప్పుడు ఆ ముఠాలో ఉన్నవాడై ఉండాలి. మనసు మార్చుకొన్నవాడై ఉండాలి. చనిపోయి ఉండాలి.

ఇప్పుడు 5వ పుస్తకానికి (2003) వెళ్ళండి. అందులో సిరియస్ బ్లాక్ అనే ఆయన తన తమ్ముడి గురించి చెబుతాడు. తమ్ముడి పేరు రెగ్యులస్. వోల్డెమార్ట్ ముఠాలో చేరాడు. చేయమన్న పనులు చూసి భయపడి వెనక్కు తగ్గబోయాడు. అందుకు చంపేశారు. ఇది ఒక ఆధారం. అదే పుస్తకంలో బ్లాక్ వంశంవారి పాత ఇంటిని అందరూ కలిసి శుభ్రం చేస్తుంటే, బీరువాలో ఏవేవో పాత సామాన్లు బయటపడతాయి. వాటిలో ఎవరూ తెరవలేకపోయిన బరువైన లాకెట్ ఒకటి ఉంది! రచయిత్రి దాని గురించి రాసింది ఒక్క ముక్క మాత్రమే. మామూలు పాఠకుడు దాన్ని దాటిపోతాడు. కాని రెండేళ్ళ తరువాత చీటీ చదివినవాడికి ఆ లాకెట్ చప్పున గుర్తుకు వస్తుంది.

రెగ్యులస్ బ్లాక్. మొదటి అక్షరం ఆర్, చివరిది బి. నడిమి అక్షరం ఏ మాత్రం అప్పటికి తేలలేదు.

కాకతాళీయం కావచ్చునా?

ఆగండి. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. ఇంగ్లీషులో అక్షరాలు 26. మొదటి అక్షరం, చివరి అక్షరం కలిపి 26 × 26 = 676 జతలు అవుతాయి. అన్ని అక్షరాలూ సమానంగా వస్తాయని అనుకొంటే, ఒక పాత్ర పేరు "ఆర్-బి" కావడానికి 676 లో ఒక వంతు అవకాశం. చాలా తక్కువే. కాని నవలలో ఒక్క పాత్రే ఉండదు గదా! 200 పేర్లు ఉన్నాయనుకోండి. వాటిలో కనీసం ఒకటైనా ఊరికే "ఆర్-బి" అయ్యే అవకాశం ఎంత? లెక్క కడితే సుమారు నాలుగింట ఒక వంతు వస్తుంది. అంటే పొడి అక్షరాలు కలవడం అంత పెద్ద వింత ఏమీ కాదన్నమాట.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే కాకి బరువుకే పండు రాలిందని అనుకోరాదు. అదే కాకతాళీయం. మరి పాఠకుల ఊహకు బలం ఎక్కడి నుండి వచ్చింది? అక్షరాలు ఒక ఆధారం. ముఠాలో ఉండటం రెండవది. మనసు మారడం మూడవది. చావు నాలుగవది. ఇంట్లో లాకెట్ అయిదవది. ఒక్కొక్కటీ విడిగా బలహీనమే. ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు ఆధారాలు ఒకే మనిషి వైపు వేలు చూపిస్తే మాత్రం కాకతాళీయం అనడం కష్టం. ఒక్కొక్క నారపోగు తేలికగా తెగుతుంది. పేనిన తాడు తెగదు.

అనువాదకులు ఇచ్చిన సాక్ష్యం

తరువాత జరిగిన సంగతి ఇంకా తమాషా అయినది. ఈ నవలను ఎన్నో భాషలలోకి అనువదించారు. కొన్ని భాషల అనువాదకులు పాత్రల ఇంటిపేర్లను కూడా తమ భాషలోకి మార్చారు. ఇంగ్లీషులో బ్లాక్ అంటే నలుపు. డచ్చి భాషలో సిరియస్ ఇంటిపేరు జ్వార్ట్స్. నార్వే భాషలో స్వార్ట్. ఫిన్లండు భాషలో ముస్టా. అన్నిటిలోనూ నలుపు అనే అర్థమే ఉంది.

ఇక ఆ భాషలలో 6వ పుస్తకం వచ్చినప్పుడు చీటీ కింద ఏ అక్షరాలు ఉన్నాయో ఊహించగలరా? డచ్చిలో ఆర్.ఏ.జెడ్! నార్వే భాషలో ఆర్.ఏ.ఎస్! ఫిన్లండు భాషలో ఆర్.ఏ.ఎమ్! ఇంటిపేరు బ్లాక్ కాకపోతే, చివరి అక్షరం సరిగా ఇలాగే మారవలసిన అవసరం ఏమిటి? 7వ పుస్తకం రాకముందే పాఠకులు దీన్ని పట్టుకొన్నారు.

ఈ సాక్ష్యం ఎందుకు గొప్పదో గమనించండి. ఇంగ్లీషు పుస్తకాన్ని ఇంకో వందసార్లు చదివినా ఇది దొరకదు. పూర్తిగా వేరే దారిన వచ్చింది. ఒక లోహపు ముక్క సాంద్రతను మీరు కొలిచారు, మీ స్నేహితుడు వేరే పద్ధతిలో కొలిచాడు, రెండూ ఒకటే వచ్చాయి అనుకోండి. అప్పుడు మీ ధైర్యం ఎంత పెరుగుతుంది! ఇదీ అంతే.

చివరకు 7వ పుస్తకంలో బ్లాక్ వారి ఇంట్లో ఒక గది తలుపు మీద పేరు కనిపిస్తుంది: రెగ్యులస్ ఆర్క్‌ట్యూరస్ బ్లాక్. తేలని నడిమి అక్షరం కూడా తేలిపోయింది.

మీ రసాయన శాస్త్రంలో ఇటువంటిదే ఒకటి ఉంది. మెండెలీఫ్ మూలకాల పట్టిక వేసినప్పుడు కొన్ని గదులు ఖాళీగా వదిలాడు. సిలికాన్ కింది గదిలో ఉండవలసిన మూలకానికి పరమాణు భారం సుమారు 72 ఉంటుందని 1871 లోనే చెప్పాడు. 1886 లో జర్మనీలో వింక్లర్ జెర్మేనియంను కనుగొన్నాడు. దాని పరమాణు భారం 72.6. ఊహ ముందు, నిజం తరువాత. ఈ వరుస ముఖ్యం. అంతా తెలిశాక "నేను అప్పుడే అనుకొన్నాను" అనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు!

పేరు కలిస్తే చుట్టమవుతాడా?

గెలిచిన ఊహల గురించే చెబితే అది సగం పాఠమే. ఓడిపోయిన వాటిని కూడా చూద్దాం.

5వ పుస్తకం మొదట్లో మార్క్ ఎవాన్స్ అనే పదేళ్ళ కుర్రవాణ్ణి ఒక అల్లరి మూక కొట్టినట్లు ఒక్క మాట ఉంది. అదే పుస్తకంలో మరోచోట హారీ తల్లి పుట్టింటి పేరు ఎవాన్స్ అని తెలుస్తుంది. ఇంకేముంది! "వీడు హారీకి చుట్టం. ఇప్పుడు పదేళ్ళు కాబట్టి వచ్చే ఏడు పదకొండు వస్తాయి. మాంత్రికుల బడిలో చేరతాడు. 6వ పుస్తకంలో గొప్ప పాత్ర అవుతాడు" అని పాఠకులు పెద్ద మేడ కట్టారు. 2004 లో రచయిత్రే స్వయంగా చెప్పవలసి వచ్చింది: మార్క్ ఎవాన్స్ ఎవరూ కాదు, ఇంగ్లండులో మామూలుగా ఉండే ఇంటిపేరు గనుక వాడాను, అంతే అని.

రెగ్యులస్ విషయంలోనూ పేరే గదా ఆధారం, మరి తేడా ఎక్కడుంది? ఇక్కడ ఆధారం ఒక్కటే. తాడు కాదు, ఒంటి నారపోగు. మన ఊళ్ళలో ఒకే ఇంటిపేరు గలవారందరూ ఒకరికొకరు చుట్టాలేనా? ఆలోచించండి.

ఏమి జరిగినా సరిపోయే ఊహ

ఇంకొక ఊహ ఉంది. హారీ స్నేహితుడు రాన్, బడి ప్రధానాచార్యుడైన వృద్ధుడు డంబుల్డోర్ - ఈ ఇద్దరూ ఒకే మనిషని కొందరు వాదించారు. కథలో కాలంలో వెనక్కు పోయే సాధనం ఒకటి ఉంది. రాన్ దానితో గతంలోకి పోయి, అక్కడే ముసలివాడై డంబుల్డోర్ అయ్యాడట! ఇద్దరూ పొడుగు. ఇద్దరి ముక్కులూ పొడవు. ఇద్దరికీ మిఠాయిలంటే ఇష్టం.

ఈ ఊహలో లోపం ఏమిటో చెప్పగలరా? పోలికలు కనిపిస్తే "చూశారా, ఒకే మనిషి!" అంటారు. తేడాలు కనిపిస్తే "ఎన్నో ఏళ్ళు గడిచాయి గదా, మారిపోయాడు" అంటారు. అంటే ఏమి కనిపించినా ఊహ ఒప్పే! పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడినట్లు, ఒక ఊహను ప్రేమించినవాడికి ప్రతి వాక్యమూ సాక్ష్యంగానే కనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా కొత్త ఊహ చెప్పినప్పుడు మీరు వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: "ఏది కనిపిస్తే నీ ఊహ తప్పని ఒప్పుకొంటావు?" జవాబు లేకపోతే అది శాస్త్రీయమైన ఊహ కాదు.

7వ పుస్తకంలో డంబుల్డోర్ తల్లిదండ్రులు, తమ్ముడు, చెల్లెలు, అతని చిన్ననాటి సంగతులు అన్నీ వచ్చాయి. ఆ ఊహ అక్కడితో సరి.

మొదటి మెట్టు ఒప్పు, రెండవ మెట్టు తప్పు

6వ పుస్తకం చివర స్నేప్ అనే ఉపాధ్యాయుడు డంబుల్డోర్‌ను చంపుతాడు. చంపే ముందు డంబుల్డోర్ అతన్ని పేరు పెట్టి పిలిచి, దీనంగా వేడుకొంటాడు. పాఠకులు రెండుగా చీలిపోయారు. "స్నేప్ ద్రోహి. ప్రాణభిక్ష పెట్టమని ముసలాయన వేడుకొన్నాడు" అని ఒక పక్షం. "కాదు, స్నేప్ మంచివాడే. ముందు అనుకొన్న ప్రకారం చంపమనే వేడుకొన్నాడు" అని రెండవ పక్షం. ఒకే మాట, రెండు అర్థాలు. ఆ మాటతోనే తగవు తీరదు. రెండు ఊహలలో ఒకదానికే సరిపడే మరొక ఆధారం కావాలి.

అది అదే పుస్తకంలో ఉంది. డంబుల్డోర్ తన వద్ద ఏదో పని విషయంలో మరీ చనువు తీసుకొంటున్నాడనీ, ఆ పని ఇక తాను చేయదలచుకోలేదనీ స్నేప్ అనగా మరొకరు చాటున విన్నారు. ద్రోహి ఇలా ఎందుకు అంటాడు? డంబుల్డోర్ చేయి ఏడాది పొడుగునా నల్లబడి, మాడిపోయి ఉండటం మరొక ఆధారం. 7వ పుస్తకంలో అసలు సంగతి తెలిసింది. ఆ చేతి శాపం వల్ల డంబుల్డోర్‌కు ఏడాదికి మించి ఆయుష్షు లేదు. అందుకని తానే స్నేప్‌ను ఆ పని చేయమన్నాడు.

2006 ఆగస్టులో న్యూయార్కులో జరిగిన ఒక సభలో ప్రసిద్ధ నవలా రచయిత సల్మాన్ రష్దీ తన కుమారుడితో కలిసి వచ్చి రౌలింగ్ ఎదుట ఒక వాదం పెట్టారు. స్నేప్ మంచివాడని తమ అభిప్రాయమనీ, అందువల్ల డంబుల్డోర్ నిజంగా చనిపోలేదనీ, అదంతా నాటకమనీ ఆ వాదం. రౌలింగ్ వారి అభిప్రాయం సరైనదేనంటూనే, డంబుల్డోర్ మాత్రం కచ్చితంగా చనిపోయాడని చెప్పారు.

చూశారా! మొదటి మెట్టు ఒప్పు. రెండవ మెట్టు తప్పు. ఎందుకని? "మంచివాడు ఎన్నడూ చంపడు" అనే మూడవ వాక్యం ఒకటి రెండు మెట్ల మధ్య ఎవరికీ కనిపించకుండా దాగి ఉంది. దాన్ని ఎవరూ పరీక్షించలేదు. జ్యామితిలో సిద్ధాంతం నిరూపించేటప్పుడు ప్రతి మెట్టుకూ కారణం రాయమని మీ మాస్టారు పట్టుబట్టేది ఇందుకే!

ఆర్ + ఎల్ = జె

రసాయన సమీకరణంలా ఉంది గదా! ఇది జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అనే అమెరికా రచయిత పెద్దల కోసం రాసిన నవలామాలలోని ఒక ఊహ. మొదటి పుస్తకం 1996 లో వచ్చింది. అందులో జాన్ అనే యువకుడు ఎడ్డార్డ్ అనే ప్రభువు ఇంట్లో పెరుగుతాడు. అతని తల్లి ఎవరో ప్రభువు ఎవరికీ చెప్పడు. కర్ణుడి పుట్టుక తెలిసిన మనకు ఈ వాసన వెంటనే తగులుతుంది! జాన్ అసలు ప్రభువు కొడుకు కాడనీ, ప్రభువు చెల్లెలు లియానాకు, రాకుమారుడు రేగార్‌కు పుట్టినవాడనీ పాఠకులు ఊహించారు. ఆర్ అంటే రేగార్, ఎల్ అంటే లియానా, జె అంటే జాన్.

ఆధారాలు? చనిపోతూ చెల్లెలు అన్న వద్ద ఏదో మాట తీసుకొంది. ఆ మాట ఏమిటో పుస్తకం చెప్పదు. మాట తప్పని ఆ ప్రభువు ఒక్క జాన్ విషయంలోనే నోరు విప్పడు. నీలి గులాబీలు లియానాకు గుర్తు. మొదటి పుస్తకం వచ్చిన కొద్దికాలానికే ఈ ఊహ పుట్టింది. తరువాత 1998 లో వచ్చిన 2వ పుస్తకంలో, మంచుగోడ పగులులో నుండి ఒక నీలి పువ్వు పూసినట్లు ఒక పాత్రకు దృశ్యం కనిపిస్తుంది. జాన్ కాపలా కాసేది ఒక పెద్ద మంచుగోడ దగ్గరే! ఊహ పుట్టిన తరువాత వచ్చిన ఆధారం కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

ఈ నవలను టెలివిజన్ కోసం తీయదలచినవారు మార్టిన్‌ను కలిసినప్పుడు, జాన్ తల్లి ఎవరని ఆయన వారిని అడిగారు. వారు సరైన జవాబు చెప్పారు. 2016, 2017 సంవత్సరాలలో ఆ ధారావాహికలో ఈ ఊహే నిజమని చూపించారు. 2011 లో వచ్చిన 5వ పుస్తకంలో మాత్రం రచయిత ఆ ముడి విప్పలేదు.

నవల వేరు, ప్రకృతి వేరు

ఇంతవరకు పోలికలు చెప్పుకొన్నాం. తేడా కూడా తెలుసుకోకపోతే పొరబాటు పడతాం.

నవలకు రచయిత ఉంటాడు. ఆధారాలను కావాలనే దాస్తాడు, కావాలనే దారి తప్పిస్తాడు. కాబట్టి బీరువాలోని లాకెట్‌కు ఏదో ప్రయోజనం ఉంటుందని అనుకోవడం నవలలో తెలివే. ప్రకృతి అలా కాదు. రాలిన ప్రతి ఆకూ ఏదో సూచించడానికే రాలిందని అనుకొంటే అది శకునాలు చూడటం అవుతుంది.

రచయిత మనసు మార్చుకోవచ్చు కూడా. పాఠకులలో ఒకరిద్దరు తన అతి సూక్ష్మమైన ఆధారాలను కూడా పట్టుకొని సరైన జవాబుకు చేరుకొన్నారని మార్టిన్ 2014 లో ఎడింబరోలో చెప్పారు. ముగింపు మార్చాలా అని ఆలోచించి, మారిస్తే ముందు వేసిన ఆధారాలన్నీ అబద్ధాలవుతాయని మానుకొన్నారు. గ్రహాలకు ఈ చిక్కు లేదు. ఎవరో కనిపెట్టారని అవి దారి మార్చుకోవు.

ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లెవెరియే కథ వినండి. యురేనస్ నడకలో తేడా చూసి, దాని అవతల మరొక గ్రహం ఉండాలని ఆయన లెక్క కట్టాడు. 1846 లో ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. బుధుడి నడకలోనూ తేడా కనిపించింది. ఇదే పద్ధతిలో 1859 లో, సూర్యుడికీ బుధుడికీ మధ్య మరొక గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. ఎంత వెదికినా అది దొరకలేదు. ఆ తేడాకు కారణం గ్రహం కాదని 1915 లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం తేల్చింది. ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఒకసారి గెలుపు, ఒకసారి ఓటమి. తీర్పు చెప్పింది ఆకాశమే, ఆయన పేరు ప్రతిష్ఠలు కావు.

మీరే చేసి చూడండి

తరువాతి సంచిక కోసం ఎదురుచూసే సీరియల్ ఏదైనా మీరు చదువుతున్నారా? అయితే ఒక నోటుపుస్తకం తీయండి.

1. మీ ఊహను ఒకే వాక్యంలో రాయండి. పక్కన తేదీ వేయండి.
2. ఆధారాలను ఒక వరుసలో, దానికి ఎదురు తిరిగే విషయాలను పక్క వరుసలో రాయండి. రెండవ వరుస ఖాళీగా ఉంటే మీరు సరిగా వెదకలేదన్నమాట.
3. ఏది జరిగితే మీ ఊహ తప్పో ముందే రాసిపెట్టండి.
4. మీ ఊహ నచ్చని స్నేహితుడికి చూపించండి. నచ్చినవాడి కంటే అతడే మీకు ఎక్కువ సాయపడతాడు.
5. కథ ముగిశాక నోటుపుస్తకం తెరవండి. రాసిన దాన్ని దిద్దవద్దు.

నవలలో తప్పు ఊహ వల్ల ఎవరికీ నష్టం లేదు. మార్క్ ఎవాన్స్ కాగితం మీది కుర్రవాడు. కాని తరగతిలో ఒకరి పెన్ను పోయిందనుకోండి. "నిన్న వాడు ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు, ఇవాళ మనతో మాట్లాడటం లేదు" అని ఎవరో అంటారు. రెండు నారపోగులు! సాయంత్రానికి ఒక పిల్లవాడి మీద దొంగ అన్న ముద్ర పడిపోతుంది. ఆ తరువాత వాడు నవ్వినా సాక్ష్యమే, ఏడ్చినా సాక్ష్యమే. ఆ పూట తరగతిలో ఒక్కరైనా లేచి, "ఏది కనిపిస్తే మన ఊహ తప్పని ఒప్పుకొందాం?" అని అడగాలి. ఆ ఒక్కరూ మీరే కావచ్చు.